కిడ్నీ పేషెంట్ ఇంట్లో ఫాస్ఫరస్ అదుపు: లెక్క తెలుసుకోవడం నుంచి బైండర్ బిళ్ళ దాకా

గుంటూరు కొత్తపేటలో అమ్మకి డయాలసిస్ అయ్యేదాకా బయట బల్ల మీద కూర్చునేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ బల్ల మీద నన్ను చాలామంది అడిగిన ప్రశ్న ఒకటే: "బాబూ, ఫాస్ఫరస్ ఏడొచ్చింది, ఏం మానేయాలి?" క్రియాటినిన్ అంటే అందరికీ తెలుసు. పొటాషియం అంటే భయం ఉంది. ఫాస్ఫరస్ దగ్గరికొచ్చేసరికి మాత్రం "పప్పు మానేయండి" అన్న ఒక్క మాటతో సరిపెట్టుకుంటున్నారు. పప్పు మానేసి, సాయంత్రం ప్యాకెట్ రస్కులు తిని, తిండిలోని ఫాస్ఫరస్‌ను పేగులోనే పట్టుకునే బైండర్ బిళ్ళను పడుకునేముందు వేసుకుంటారు. మా ఇంట్లోనూ ఐదు నెలలు అదే జరిగింది.

నేను డాక్టర్ని కాను. మందుల మోతాదు, డయాలసిస్ గంటలు మీ నెఫ్రాలజిస్టే చెప్పాలి. వాళ్ళు చెప్పినదాన్ని ఇంట్లో ఏ వరసలో అమలు చేయాలో ఇక్కడ రాస్తున్నాను.

1. ముందు కిడ్నీ వేసే లెక్క అర్థం చేసుకోండి

ఈ భాగం దాటేయకండి. ఇది తెలియకపోతే మిగతావన్నీ ఎవరో చెప్పారని చేసే పనులవుతాయి, నాలుగు రోజులకి ఆగిపోతాయి.

పెద్దవాళ్ళ ఒంట్లో 700 గ్రాముల దాకా ఫాస్ఫరస్ ఉంటుంది. అందులో 85 శాతం ఎముకలు, పళ్ళలోనే ఉంటుంది. మిగిలినదాంట్లో చాలావరకు కణాల లోపల ఉంటుంది. రక్తంలో, కణాల బయట ఉండేది 1 శాతమే. మనం డబ్బు కట్టి పరీక్ష చేయించేది ఆ ఒక్క శాతాన్ని.

బాగున్న కిడ్నీలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడకడతాయి. దాంతోపాటు 6 గ్రాముల ఫాస్ఫరస్ కూడా దిగుతుంది. వడకట్టిన చోటి నుంచి బయల్దేరే సన్నటి గొట్టాల మొదటి మలుపుల్లోనే అందులో 80 నుంచి 90 శాతం తిరిగి రక్తంలోకి వెళ్ళిపోతుంది. అక్కడ సోడియంతో జతకట్టి ఫాస్ఫేటును (రక్తంలో ఫాస్ఫరస్ ఉండే రూపం ఇదే) లోపలికి లాగే రవాణా ప్రొటీన్లు ఉంటాయి. మిగిలిన 900 మిల్లీగ్రాములో, కాస్త అటూఇటూనో మూత్రంలో పోతుంది. తిండి నుంచి రక్తంలోకి ఎంత చేరిందో దాదాపు అంతే బయటికి పోవాలి. కిడ్నీ రోజూ చూసుకునే జమాఖర్చు ఇదే.

తిండిలో ఎక్కువ వచ్చిన రోజు ఎక్కువ వదలాలని కిడ్నీకి చెప్పేది రెండు హార్మోన్లు. ఒకటి ఎముక కణాల నుంచి వచ్చే ఎఫ్‌జీఎఫ్-23. రెండోది మెడలో థైరాయిడ్ వెనక ఉండే చిన్న గ్రంథుల నుంచి వచ్చే పీటీహెచ్. రెండూ ఆ రవాణా ప్రొటీన్లను తగ్గించేస్తాయి, దాంతో ఫాస్ఫేటు వెనక్కి వెళ్ళకుండా మూత్రంలోకి జారిపోతుంది. విటమిన్ డి దగ్గర మాత్రం ఇవి ఎడమొహం పెడమొహం. పీటీహెచ్ కిడ్నీలో తయారయ్యే చురుకైన విటమిన్ డిని పెంచుతుంది, ఎఫ్‌జీఎఫ్-23 తగ్గిస్తుంది. ఆ విటమిన్ పెరిగితే పేగు మరింత ఫాస్ఫేటును పీల్చుకుంటుంది.

ఇప్పుడు కిడ్నీ దెబ్బతిన్నప్పటి లెక్క చూడండి. రోజుకు ఎన్ని మిల్లీగ్రాములో సగటు అంకెలతో వేశాను, అచ్చంగా ఎవరికీ సరిపోవు.

- కిడ్నీ పూర్తిగా పనిచేస్తుంటే: 6000 దిగుతుంది, 900 పోవాలి. నూటికి 15 వదిలితే చాలు.
- సగం పనిచేస్తుంటే: 3000 దిగుతుంది, 900 పోవాలి. నూటికి 30 వదలాలి. హార్మోన్లు పెరిగి ఆ పని చేయిస్తాయి. రక్తపరీక్ష నార్మల్‌గానే వస్తుంది.
- ఐదో వంతే పనిచేస్తుంటే: 1200 దిగుతుంది, 900 పోవాలి. నూటికి 75 వదలాలి. హార్మోన్లు ఎంత మొత్తుకున్నా అంత వదలడం కష్టం. ఇక రక్తంలో పేరుకోవడమే.

అందుకే జీఎఫ్ఆర్ (కిడ్నీలు నిమిషానికి ఎంత వడకడుతున్నాయో చెప్పే అంకె) 30 కంటే కిందికి పడేదాకా చాలామందికి ఫాస్ఫరస్ రిపోర్టు మామూలుగానే ఉంటుంది. అది చూసి నిశ్చింతగా ఉంటాం. కానీ ఆ నార్మల్ అంకెను నిలబెట్టడానికి పీటీహెచ్ ఏళ్ళ తరబడి పెరుగుతూ, ఎముకను కరిగిస్తూ వస్తుంది. డయాలసిస్ దాకా రానివాళ్ళు కూడా డాక్టర్ని పీటీహెచ్, క్యాల్షియం, విటమిన్ డి గురించి అడగాల్సింది ఇందుకే.

2. రిపోర్టు సరిగ్గా తీయించండి

పెద్దవాళ్ళకి మామూలు స్థాయి డెసిలీటరుకు 2.5 నుంచి 4.5 మిల్లీగ్రాములు. రిపోర్టులో 'ఇనార్గానిక్ ఫాస్ఫరస్' అని ఉంటుంది, కంగారుపడకండి, మనకు కావాల్సింది అదే. కొన్ని రిపోర్టుల్లో మిల్లీమోల్స్‌లో ఇస్తారు. మిల్లీగ్రాముల అంకెను 0.323తో గుణిస్తే అదొస్తుంది.

ఈ అంకె రోజులో వేళను బట్టి మారుతుంది. ఉదయం తక్కువగా, రాత్రి ఎక్కువగా ఉంటుంది. పోయిన నెల పొద్దున్న, ఈ నెల సాయంత్రం తీయించి "పెరిగిపోయింది" అని టెన్షన్ పడితే లాభం లేదు.

- ప్రతిసారీ ఒకే ల్యాబ్, దాదాపు ఒకే వేళ.
- డయాలసిస్ చేయించుకునేవాళ్ళకి మిషన్ పెట్టకముందే తీయాలి, అదీ వారం మధ్యలో వచ్చే సెషన్‌కు.
- రక్తం తీసేటప్పుడు ఎర్రకణాలు చితికినా, తీసిన నమూనాను సీరం వేరు చేయకుండా గంటల తరబడి ఉంచినా అంకె లేనిపోని ఎత్తుకు పోతుంది. పొటాషియం కూడా హఠాత్తుగా పెరిగి కనిపిస్తే మళ్ళీ తీయమని అడగండి.
- ఫాస్ఫరస్ పక్కనే క్యాల్షియం, పీటీహెచ్, ఆల్బుమిన్ కూడా ఒకే కాగితం మీద తేదీల వారీగా రాసి పెట్టుకోండి.

ఒక్క రిపోర్టు చూసి తిండి మార్చకండి. రెండుమూడు వరసగా ఎటు పోతున్నాయో చూడాలి.

3. వారం రోజులు తిన్నదంతా రాయండి

ఏమీ మార్చకుండా, మామూలుగా తింటూనే రాయాలి. పొద్దున కాఫీ పాలు, పదకొండింటికి బిస్కెట్, సాయంత్రం పునుగులు, టీవీ ముందు చేతిలో పల్లీలు, అన్నీ. బిళ్ళ వేసుకున్న టైము కూడా పక్కనే రాయండి. మా కాగితం చూసి డైటీషియన్ ముందు వేలు పెట్టింది పప్పు మీద కాదు, మాల్ట్ పౌడరు మీద.

4. మొదట ప్యాకెట్ల మీద పడండి

వరసలో ఇది ముందు రావడానికి కారణం ఉంది. పప్పుల్లో, గింజల్లో ఉండే ఫాస్ఫరస్ ఫైటేట్ రూపంలో బిగిసి ఉంటుంది. దాన్ని విడగొట్టే ఎంజైము మన పేగులో సరిపడా లేదు, అందుకని సగం కూడా ఒంటికి పట్టదు. మాంసం, పాలలో ఉండేది అంతకంటే ఎక్కువే పడుతుంది. ప్యాకెట్ తిండిలో కలిపే ఫాస్ఫేట్ ఉప్పులు మాత్రం 90 శాతం పైనే రక్తంలోకి వెళ్ళిపోతాయి. అంటే కాగితం మీద 100 మిల్లీగ్రాములు ఒకటే అయినా, కందిపప్పులోని వంద వేరు, ప్యాకెట్లోని వంద వేరు.

మన లేబుళ్ళ మీద ఫాస్ఫరస్ ఎంతో సాధారణంగా రాయరు. కానీ పదార్థాల జాబితాలో ఐఎన్ఎస్ నంబర్లు, అంటే తిండిలో కలిపే రసాయనాలకు ఇచ్చే నంబర్లు ఉంటాయి. ఈ నంబర్లు ఒక చీటీ మీద రాసుకుని పర్సులో పెట్టుకోండి:

- 338: ఫాస్ఫారిక్ యాసిడ్. నల్లటి కోలా డ్రింకుల్లో ఉండేది.
- 339, 340, 341, 343: సోడియం, పొటాషియం, క్యాల్షియం, మెగ్నీషియం ఫాస్ఫేట్లు. పాలపొడులు, ఛీజ్, ఫ్లేవర్డ్ డ్రింకుల్లో వెతకండి.
- 450, 451, 452: డై, ట్రై, పాలీ ఫాస్ఫేట్లు. కేకులు, కొన్ని నూడుల్స్, ఫ్రోజెన్ మాంసం, ఫ్రోజెన్ రొయ్యలు.
- 541: బేకింగ్ పౌడర్లలో వచ్చే మరొక ఫాస్ఫేట్.

340లో పొటాషియం కూడా ఉంది కాబట్టి మనకది రెండు దెబ్బలు.

రొయ్యల సంగతి కాస్త చెప్పాలి. మనవైపు రొయ్యకి కొదవలేదు. బుట్టలో తెచ్చి తూకం వేసే పచ్చి రొయ్యలో సహజంగా ఉన్నంతే ఉంటుంది. ఫ్రీజర్ ప్యాకెట్లో వచ్చేదాన్ని నీరు పట్టి ఉండేందుకు ట్రైపాలీఫాస్ఫేట్ నీళ్ళలో నానబెట్టే పద్ధతి ఉంది. చికెన్ నగ్గెట్స్‌దీ ఇదే కథ. కొట్టులో మన కళ్ళ ముందు కొట్టించిన కోడే మేలు.

వంటసోడాకీ బేకింగ్ పౌడరుకీ తేడా గుర్తుంచుకోండి. వంటసోడాలో ఫాస్ఫేట్ లేదు, సోడియం ఉంది. బేకింగ్ పౌడర్లో రెండూ ఉండొచ్చు.

మే నెల ఎండలో బెజవాడ రోడ్డు మీద దాహం వేస్తే చేయి కోలా సీసా మీదికే పోతుంది. డాక్టర్ ఇచ్చిన నీళ్ళ కోటాలోనే రెండు గుక్కల చల్లటి నీళ్ళు తాగండి.

5. తర్వాత వంటింట్లోకి రండి

పాలు: గేదె పాలు ఒక గ్లాసులో, అంటే 200 మిల్లీలీటర్లలో, 200 మిల్లీగ్రాములకు పైనే ఫాస్ఫరస్ ఉంటుంది. ఒక మనిషికి వేసే కందిపప్పు 25 గ్రాములనుకుంటే అందులో 80 దాకా ఉంటుంది, పైగా సగం ఒంటికి పట్టదు. మరి పప్పు మానేసి రాత్రి గ్లాసు పాలు తాగడంలో అర్థం ఏముంది? మా పిన్ని ఫోన్ చేసి, "ఏరా, అక్క ముద్దపప్పు కూడా తినకూడదా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తినొచ్చు పిన్నీ, కొలిచి తినొచ్చు అన్నాను. కాఫీకి కొలత పెట్టుకోండి, పెరుగును చిన్న గిన్నెకు దించండి, కోవా, పనీర్ పండక్కే పరిమితం చేయండి.

గుడ్డు: ఫాస్ఫరస్ దాదాపు అంతా సొనలోనే ఉంది. ఒక తెల్లసొనలో 5 మిల్లీగ్రాములే, ప్రొటీన్ మాత్రం మూడున్నర గ్రాములు. కిడ్నీ పేషెంటుకు ఇంతకంటే లాభసాటి బేరం వంటింట్లో లేదు. మిరియం, ఉల్లిపాయ వేసి తెల్లసొన పొరటు చేస్తే అమ్మ గొణక్కుండా తింటుంది.

మాంసం: చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీళ్ళలో పది, పదిహేను నిమిషాలు ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి, అప్పుడు కూర వండాలి. ఫాస్ఫరస్ చెప్పుకోదగ్గంత ఆ నీళ్ళలో పోతుంది, పొటాషియం కూడా కొంత పోతుంది. రుచి తగ్గుతుంది, అబద్ధం చెప్పను. అల్లంవెల్లుల్లి, మసాలా కాస్త ముందుకు తోస్తే సర్దుకుంటుంది. కాలేయం, తలకాయ కూర, పాయా వద్దు. నెత్తళ్ళలాంటి ఎండుచేపలు ముల్లుతో సహా నమిలేస్తాం కాబట్టి అవీ వద్దు, ఉప్పు సంగతి సరేసరి.

పప్పు: నానబెట్టి ఆ నీళ్ళు పారబోయండి. ఎక్కువ నీళ్ళలో ఉడికించి, పైకట్టు తీసేసి, కొత్త నీళ్ళతో పప్పు చేయండి. అదే తర్కంతో ఉలవచారు గురించి ఆలోచించండి. మనం పారబోయాల్సిన నీళ్ళనే మరిగించి మరిగించి చిక్కబరిచేది ఉలవచారు. మా ఇంట్లో ఇది చెప్పినరోజు నాన్న నాతో మాట్లాడలేదు.

మొలకలు: ఆరోగ్యమని చాలామంది పెడతారు. మొలకెత్తేటప్పుడు గింజలోని ఎంజైము ఫైటేటును విడగొడుతుంది, ఫాస్ఫరస్ ఒంటికి మరింత పడుతుంది. మిగతావాళ్ళకి మంచిదే, మనకి కాదు.

పొడులు: నువ్వులపొడి, పల్లీ చట్నీ, గుమ్మడి గింజలు. వీటిలో ఫాస్ఫరస్ దండిగా ఉంటుంది. ఇడ్లీకి పల్లీ చట్నీ బదులు అల్లం చట్నీ వాడుతున్నాం.

తెల్లన్నం మీద మాత్రం అనవసరంగా పగబట్టకండి. పాలిష్ పట్టని బియ్యంలో ఫాస్ఫరస్ రెండు, మూడు రెట్లుంటుంది. షుగర్ కూడా ఉన్నవాళ్ళు ఏ బియ్యమన్నది డాక్టర్‌తో తేల్చుకోవాలి.

ఒక హెచ్చరిక. ఫాస్ఫరస్ భయంతో ప్రొటీన్ మొత్తం కోసేయొద్దు. డయాలసిస్ మొదలైనవాళ్ళకి కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ కావాలి. డయాలసిస్ లేనివాళ్ళకి అంతకంటే తక్కువ చెబుతారు. పక్క మంచం పేషెంటు డైట్ చార్టు ఫోటో తీసి తెచ్చుకోవద్దనేది ఇందుకే.

6. బైండర్ బిళ్ళ: టైమే మందు

మేం చేసిన తప్పు ఇక్కడిదే. చీటీ మీద రోజుకు మూడు అని ఉంది. అమ్మ రాత్రి తొమ్మిదింటికి మిగతా మందులతో కలిపి మూడూ ఒకేసారి మింగేది. నేను చూస్తూనే ఉన్నాను, తప్పని తోచలేదు. అప్పటి ఫాస్ఫరస్ 7.1. మోతాదు పెంచకుండా, భోజనంతో వేయడం మొదలుపెట్టి, మాల్ట్ పౌడరు ఆపాక రెండు నెలలకి 5.4కి దిగింది.

ఈ బిళ్ళ రక్తంలోకి వెళ్ళి పనిచేసేది కాదు. పొట్టలో, పేగులో తిండితో కలిసి, అందులోని ఫాస్ఫేటును పట్టుకుని మలంతో పాటు బయటికి లాక్కుపోతుంది. తిండి లేనప్పుడు వేస్తే పట్టుకోవడానికి అక్కడేమీ ఉండదు.

- మొదటి ముద్దలతోనో, భోజనం మధ్యలోనో వేయాలి.
- మర్చిపోతే కంచం ముందు నుంచి లేచేలోపు, లేదా లేచిన వెంటనే. రెండు గంటలు దాటితే ఆ పూటకి వదిలేయండి. తర్వాతి పూటకి రెట్టింపు వేయొద్దు.
- మూడు పూటలూ సమానంగా రాసినా మనకి మధ్యాహ్న భోజనమే పెద్దది. "మధ్యాహ్నానికి రెండు, రాత్రికి ఒకటి వేయొచ్చా?" అని డాక్టర్ని అడగండి. మేం అడిగాం, మార్చారు.
- పెళ్ళిభోజనానికి వెళ్తే జేబులో స్ట్రిప్ ఉండాలి. ఇంట్లో ఉన్న బిళ్ళ అక్కడి గారెను పట్టుకోలేదు.

ఏ బిళ్ళో తెలుసుకోండి, ఒక్కోదానికి ఒక్కో పద్ధతి ఉంది. సెవెలమర్‌ను నమలకూడదు, నలగ్గొట్టకూడదు, అది తడికి ఉబ్బుతుంది. మలబద్ధకం రావచ్చు. లాంథనం అందుకు పూర్తిగా వ్యతిరేకం, నమిలే తినాలి. క్యాల్షియం కార్బొనేట్ పనిచేయాలంటే పొట్టలో యాసిడ్ కావాలి, గ్యాస్ బిళ్ళ రోజూ వేసుకునేవాళ్ళకి దాని బలం తగ్గుతుంది. క్యాల్షియం కార్బొనేట్, క్యాల్షియం అసిటేట్ ఏది వాడినా రక్తంలో క్యాల్షియం చూసుకుంటూ ఉండాలి. పెరిగిన క్యాల్షియం, ఫాస్ఫరస్ కలిసి రక్తనాళాల గోడల్లో గట్టిపడతాయి. ఇనుము ఉన్న బైండర్ వాడితే మలం నల్లగా వస్తుంది, భయపడక్కర్లేదు.

థైరాయిడ్ బిళ్ళకీ బైండర్‌కీ నాలుగు గంటల ఎడం కావాలి. ఐరన్ బిళ్ళ, సిప్రోఫ్లాక్ససిన్ లాంటి యాంటీబయాటిక్‌లు కూడా దీంతో కలిపి వేయకూడదు, ఎంత ఎడమో మందు రాసేవాళ్ళనే అడగండి.

7. డయాలసిస్ గంటలు కోసుకోవద్దు

నాలుగు గంటల సెషన్‌లో సుమారు 800 నుంచి 1000 మిల్లీగ్రాముల ఫాస్ఫరస్ పోతుంది. 900 అనుకుంటే వారానికి మూడుసార్లకి 2700. తిండిలో రోజుకు 900 తిని, 60 శాతం పట్టిందనుకుంటే వారానికి 3780 లోపలికి వస్తుంది. మూత్రం పూర్తిగా ఆగినవాళ్ళకి వెయ్యికి పైనే మిగిలిపోతుంది. బైండర్ లాగాల్సింది దాన్ని. వారానికి రెండే సెషన్లయితే ఆ మిగులు దాదాపు రెట్టింపవుతుంది.

పైగా ఫాస్ఫేటు కణాల్లోంచి రక్తంలోకి మెల్లగా వస్తుంది. మొదటి గంటలో రక్తంలో ఉన్నది చకచకా పోతుంది, తర్వాత కణాల్లోంచి ఊరేదాని కోసం మిషన్ ఎదురుచూడాలి. "మా ఊరి బస్సు పోతుంది, అరగంట ముందే తీసేయండి సిస్టర్" అనేవాళ్ళు ఆ ఊరేదాన్ని ఒంట్లోనే వదిలేసి లేస్తున్నారు.

8. తెలియక చేసేవి

- ఎనీమా, పేగు శుభ్రం చేసే మందు: కొలనోస్కోపీకి ముందు ఇచ్చే కొన్ని మందుల్లో, కొన్ని ఎనీమాల్లో సోడియం ఫాస్ఫేటే అసలు సరుకు. కిడ్నీ పేషెంటుకు ఇది ప్రమాదం. "కిడ్నీ జబ్బుంది" అని అక్కడ గట్టిగా చెప్పండి.
- విటమిన్ డి సాచెట్లు సొంతంగా వేసుకోవడం: పేగు ఫాస్ఫేటును, క్యాల్షియంను ఎక్కువగా పీల్చుకునేలా చేస్తుంది.
- అల్యూమినియం ఉన్న గ్యాస్ సిరప్పులు: ఫాస్ఫేటును పట్టుకుంటాయి నిజమే, కానీ అల్యూమినియం ఎముకల్లో, మెదడులో చేరుతుంది.
- జిమ్ ప్రొటీన్ పౌడర్లు: డబ్బా వెనక నంబర్లు చూడకుండా వద్దు.
- దురద ఉంటేనే ఫాస్ఫరస్ పెరిగిందనుకోవడం: చాలామందికి ఏ లక్షణమూ ఉండదు.

9. ఫ్రిజ్ మీద అంటించే కాగితం

☐ ఈ నెల రక్తం డయాలసిస్‌కు ముందే తీశారా?
☐ కొత్త ప్యాకెట్ కొంటే 338 నుంచి 343, 450 నుంచి 452, 541 చూశారా?
☐ పప్పు నానిన నీళ్ళు, మాంసం ఉడికిన నీళ్ళు పారబోశారా?
☐ ఈరోజు తెల్లసొన తిన్నారా?
☐ బైండర్ కంచం పక్కన ఉందా, మందుల డబ్బాలోనే ఉండిపోయిందా?
☐ థైరాయిడ్ బిళ్ళ, ఐరన్ బిళ్ళ వేరే వేళకు వేశారా?

10. ఎప్పుడు ఆగకుండా ఫోన్ చేయాలి

క్యాల్షియం తగ్గి మూతి చుట్టూ, వేళ్ళకు తిమ్మిరి వస్తే, కండరాలు కొంకర్లు పోతే, ఎముకల నొప్పి రోజురోజుకీ పెరుగుతుంటే, చర్మం మీద నొప్పెట్టే ముదురురంగు మచ్చలు పుండుగా మారుతుంటే మరుసటి సెషన్ దాకా ఆగొద్దు.

ఇంకొకటి, ఎవరూ చెప్పరు. ఫాస్ఫరస్ బాగా పడిపోవడమూ ప్రమాదమే. జ్వరమో వాంతులో వచ్చి నాలుగు రోజులు తిండి తినకుండా, బైండర్ మాత్రం క్రమం తప్పకుండా వేసుకుంటూ పోతే అంకె 2.5 కిందికి దిగొచ్చు. కండరాల్లో సత్తువ పోతుంది, మరీ తగ్గితే ఊపిరి తీసుకోవడం కూడా కష్టమవుతుంది. తిండి లేని పూట బైండర్ ఏం చేయాలో ముందే డాక్టర్ని అడిగి, ఆ జవాబు కూడా ఫ్రిజ్ మీది కాగితం కింద రాసి పెట్టుకోండి.